రుద్రమ తొలి పదేళ్లను శాసనాల నుంచి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

కాకతీయ రాణి రుద్రమదేవి మీద పత్రికల్లో వ్యాసం వచ్చిందంటే మూడు ముక్కలు తప్పనిసరి. మగవేషం వేసిందని ఒకటి, సవతి సోదరులు హరిహర మురారి దేవులు తిరగబడ్డారని ఒకటి, యాదవ రాజు మహాదేవుణ్ణి దేవగిరి దాకా తరిమి కోటి సువర్ణాలు కక్కించిందని ఒకటి. ఈ మూడింటికీ ఎక్కువగా ఆధారం ఆమె పోయిన రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక రాసిన ప్రతాప చరిత్ర. అది పనికిరాని పుస్తకమని అనబోవడం లేదు, అందులో నిజాలూ ఉన్నాయి. కానీ ఆమె కాలంలోనే చెక్కిన రాళ్లు ఓరుగల్లు నుంచి ద్రాక్షారామం దాకా, పానగల్లు నుంచి త్రిపురాంతకం దాకా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టుకుని చదివితే, కొత్త రాణి నెత్తిన పడిన చిక్కులు పోస్టర్లలో చూపించే వాటికంటే వేరుగా కనిపిస్తాయి.

ముందు ఆమెకు చేతికొచ్చిన రాజ్యం ఎలాంటిదో చూడాలి. ఆమె తండ్రి గణపతిదేవుడు 1199లో సింహాసనం ఎక్కాడు. చిన్నతనంలో యాదవుల చెరలో ఉన్న ఆ కాలంలో రాజ్యాన్ని చెదిరిపోకుండా కాచింది సేనాని రేచర్ల రుద్రుడు. 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించింది ఆయనే. అంటే గణపతి రాజ్యమే ఒక సామంతుడి చలవతో నిలబడింది. ఆ తరువాత అరవై ఏళ్లలో ఆయన తీరాంధ్రను, నెల్లూరు దాకా ఉన్న దక్షిణాన్ని కలుపుకున్నాడు. అలా కలుపుకోవడంలో ఎక్కువ పాలు పెళ్లిళ్లతో, మాట ఇచ్చి పుచ్చుకోవడంతో జరిగింది. ఒక కూతురు గణపాంబను ధరణికోట కోట వంశపు బేతరాజుకు, రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి ఇచ్చాడు. ఈ బంధాలన్నీ గణపతి అనే మనిషితో కట్టుకున్నవి. ఓరుగల్లు గద్దెతో కట్టుకున్నవి కావు. పాత రాజు తప్పుకుంటున్నాడంటే ప్రతి సామంతుడూ మళ్లీ లెక్కలు చూసుకుంటాడు. కొడుకు ఉన్నా ఈ బాధ తప్పేది కాదు. కూతురు కావడం వల్ల ఇంకొంచెం పెరిగింది, అంతే.

తండ్రీ కూతుళ్ల సంయుక్త పాలన 1259-60 ప్రాంతంలో మొదలైందని చరిత్రకారులు లెక్క కడతారు. ఆ వెంటనే దెబ్బ దక్షిణం నుంచి పడింది. పాండ్యరాజు జటావర్మ సుందర పాండ్యుడు కంచి దాటి వచ్చాడు. 1263 ప్రాంతంలో నెల్లూరు దగ్గరి ముత్తుకూరు వద్ద కాకతీయ పక్షం ఓడింది. నెల్లూరు చేజారింది, పాండ్యుడు అక్కడే గెలుపు గుర్తుగా వీరాభిషేకం చేయించుకున్నాడు. తిక్కన కొలువు చేసిన నెల్లూరు రాజు మనుమసిద్ధి కథ కూడా ఈ గందరగోళపు రోజుల్లోనే ముగుస్తుంది. తూర్పున వేంగి మీదికి కళింగ గాంగులు దిగారు. తమిళదేశపు కాడవ రాజు కొప్పెరుంజింగడు 1262లో ఏకంగా ద్రాక్షారామంలోనే శాసనం వేయించుకున్నాడు. పడమట దేవగిరిలో మహాదేవుడు 1261లో కొత్తగా గద్దెనెక్కి కత్తి నూరుకుంటున్నాడు. ఇదీ పట్టాభిషేకానికి వచ్చిన కానుకల జాబితా. ఇందులో సవతి సోదరులు ఎక్కడా లేరు. వారి పేర్లు ఆ కాలపు ఏ శాసనంలోనూ దొరకలేదు. లోపలి కలత అసలే లేదని కూడా చెప్పలేం. వెలుగోటివారి వంశావళి అనే తరువాతి కాలపు గ్రంథం సామంతుడు రేచర్ల ప్రసాదిత్యుడికి 'కాకతీయరాజ్య స్థాపనాచార్య' అనే బిరుదు ఇస్తోంది. నిక్షేపంగా నిలబడి ఉన్న రాజ్యాన్ని ఎవరూ మళ్లీ స్థాపించరు కదా.

ఇక మగవేషం సంగతి. శాసనాల్లో ఉన్నది పేరు మాత్రమే: 'రుద్రదేవ మహారాజు'. అది ఆమె తాత మహాదేవుడికి అన్నగారైన, వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడి పేరు. దానపత్రంలో దాత పేరు చెల్లుబాటు కావాలి, పది తరాల తరువాత కూడా ఎవరూ ప్రశ్నించకూడదు, అందుకని రాజముద్ర వేసే చోట రాజు పేరు పెట్టారు. తోటలో నడిచేటప్పుడు ఏం కట్టుకుందో రాయి చెప్పదు. కత్తి డాలు పట్టి సింహం మీద కూర్చున్న స్త్రీ బొమ్మ ఓరుగల్లు స్వయంభూ ఆలయ శిథిలాల్లో ఉంది. 'రాయగజకేసరి' (రాజులనే ఏనుగులకు సింహం) అనే బిరుదుకు రూపం అది. ఆ బొమ్మను చూసినవాడెవడూ ఆమె ఆడతనాన్ని దాచిపెట్టారని అనడు. పేరుకు మాత్రం తరువాత తంటా వచ్చిపడింది. మార్కో పోలో మోటుపల్లి రేవు గురించి రాస్తూ ఆమె పోయిన రాజుకు భార్య అని, ఆయన పోయాక నలభై ఏళ్లుగా ఏలుతోందని అన్నాడు. ప్రతాప చరిత్ర ఆమెను గణపతి భార్యను చేసేసింది. రెండూ తప్పే. మొదటిది ఇప్పటికీ వ్యాసాల్లో యథాతథంగా అచ్చవుతోంది.

కొత్త రాణి పని ఎలా చేసిందో చూడాలంటే మందడం పక్కనున్న మల్కాపురం శాసనం కన్నా మంచి చోటు లేదు. శక 1183, దుర్మతి, చైత్ర మాసం. అంటే 1261. గణపతి తన శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం గ్రామాన్ని అంతకుముందే మాటగా ఇచ్చాడు. ఆ మాటను దానపత్రంగా మార్చింది రుద్రమ. దానికి తన వంతుగా వెలగపూడిని కలిపింది. (ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే అది. అక్కడ తిరిగేవారిలో ఎంతమందికి తెలుసో.) ఈ ఒక్క పనిలో నాలుగు లాభాలు ఉన్నాయి. తండ్రి బతికి ఉండగానే దాతగా ఆమె పేరు రాతికెక్కింది. తండ్రి మాట తన చేతి మీదుగా నెరవేరుతుందని అందరికీ తెలిసింది. గోళకీ మఠం లాంటి పెద్ద శైవ వ్యవస్థ ఆమె పక్షాన నిలిచింది. వెలనాడులో, తోబుట్టువు గణపాంబ అత్తవారి ధరణికోటకు కూతవేటు దూరంలో, ఓరుగల్లు అధికారం ఇంకా నడుస్తోందని రుజువైంది.

ఆ దానం వివరాలు కూడా ఊరికే చెక్కినవి కావు. మూడు వేదాలు చెప్పడానికి ముగ్గురు, వ్యాకరణం, తర్కం, సాహిత్యం వగైరా చెప్పడానికి ఐదుగురు, ఒక వైద్యుడు, లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రం. ఎవరికెంత భూమి అన్నది రాతి మీదే పంచారు. చిక్కుల్లో పడ్డ రాజ్యం పెట్టే ఖర్చు కాదే ఇది అనిపిస్తుంది. కానీ అప్పటికి ఖజానా ఖాళీ కాలేదు, అదే ఆమె అదృష్టం. దాని మూలం ఎక్కడుందో చూడాలంటే మోటుపల్లికి పోవాలి.

శక 1166, క్రోధి (1244-45) నాటి గణపతి అభయ శాసనం మోటుపల్లిలో ఉంది. గాలివానకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వం రాజులు బలవంతంగా లాగేసుకునేవారని, తాము మాత్రం సుంకం తప్ప ఏదీ పుచ్చుకోబోమని ఆ శాసనం మాట ఇస్తుంది. సుంకం ముప్పైకి ఒకటి. గంధపు చెక్క, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, తుత్తునాగం, సీసం, పట్టు దారం, మిరియాలు, పోకచెక్కలు, ఇలా సరుకుల పట్టీ కూడా ఉంది. ముప్పైకి ఒకటి తక్కువ రేటు. అందుకే ఓడలు వచ్చాయి. సామంతుడు కప్పం ఎగ్గొట్టినా రేవు మీద సుంకం నేరుగా వచ్చి పడుతుంది. ముత్తుకూరు ఓటమి తరువాత కూడా మోటుపల్లి నిలిచింది గనుకే రుద్రమ సైన్యానికి జీతం దొరికింది. నెల్లూరు పోతే ఒక ఊరు పోయినట్లు, మోటుపల్లి పోతే ఊపిరే పోయేది. మన వ్యాసాల్లో ముత్తుకూరు పేరైనా అప్పుడప్పుడు కనిపిస్తుంది. ఈ రేవు సుంకం మాట ఎత్తినవారు అరుదు.

సరిహద్దుల్లో ఆమె పద్ధతి మూడు దిక్కులా మూడు రకాలు. తూర్పున తొందరపడలేదు. 1262 తరువాత గోదావరి డెల్టాలో కాకతీయ శాసనాలు చాలాకాలం కనబడవు. ఆ మౌనమే అక్కడ అధికారం పోయిందనడానికి గుర్తు. 1270ల చివర్లో పోతినాయకుడు, ప్రోలినాయకుడు అనే సేనానులు 'గజపతి మత్తమాతంగ సింహ' (కళింగ గజపతి అనే మదపుటేనుగుకు సింహం) అన్న బిరుదుతో ద్రాక్షారామంలో మళ్లీ కనిపిస్తారు. పడమట యాదవులతో లెక్క వేరు. నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో 1267 నాటి శాసనం వేయించింది సారంగపాణిదేవుడు. దేవగిరి యాదవ రాజు సింఘణుడి కొడుకునని చెప్పుకుంటూనే, కాకతీయ రుద్రదేవుడికి లోబడిన సామంతుడినని అందులో ఒప్పుకున్నాడు. శత్రువు ఇంటి మనిషికి నల్లగొండలో చోటు పెట్టి ఉంచుకోవడం మంచి ఎత్తు. మహాదేవుడితో యుద్ధం ఎలా ముగిసిందన్న దానికి రెండు పక్షాల మాటా ఉంది. యాదవ మంత్రి హేమాద్రి తన వ్రతఖండం అనే గ్రంథంలో, మహాదేవుడు తెలుంగు రాజు ఏనుగులను, పంచ వాద్యాలను లాక్కున్నాడనీ, రుద్రమను ఆడదని వదిలిపెట్టాడనీ రాశాడు. ఇటు బీదరు కోటలో దొరికిన ముక్కలైన శాసనంలో రుద్రమ 'రాయగజకేసరి' బిరుదుతో కనిపిస్తుంది, ఆమె సామంతుడు భైరవుడి పేరూ ఉంది. గెలిచినవాడు బీదరును ఓడిపోయినవాడికి ఎందుకు వదిలేస్తాడు? కోటి సువర్ణాల మాట నమ్మకపోయినా, హేమాద్రి గొప్పలు మాత్రం ఈ ఒక్క రాతి ముక్కతో తేలిపోతున్నాయి.

దక్షిణం అసలు కథ. అక్కడ ఆమె కాయస్థులనే సామంత వంశం మీద ఆధారపడింది. గంగయ సాహిణి గణపతి కాలపువాడు, గుర్రపు దళం అధిపతి. పానగల్లు నుంచి కడప సీమ దాకా అతని ఏలుబడి. అతని తరువాత మేనల్లుడు జన్నిగదేవుడు పాండ్యులను వెనక్కి నెట్టాడు, వల్లూరు కేంద్రంగా సరిహద్దు కాచాడు. అతని తరువాత తమ్ముడు త్రిపురారి. ఈ ఇద్దరూ రుద్రమకు విధేయులే. కొత్త రాణికి ఇంతకన్నా తేలికైన దారి లేదు, ఎందుకంటే సొంత సైన్యాన్ని మూడు దిక్కులా పంచడానికి లేదు. చిక్కు ఎక్కడంటే, సరిహద్దు కాచేవాడికి భూమి, కోట, పన్ను, గుర్రాలు అన్నీ అప్పగించాక అతను ఓరుగల్లు చెప్పినట్లు ఎందుకు వినాలి అన్న ప్రశ్నకు జవాబు ఒక్క విధేయతే. అది ఒక మనిషిది, వంశానిది కాదు. 1272లో మూడో సోదరుడు అంబదేవుడు వచ్చాక ఆ విధేయత పోయింది. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో అతను డెబ్బై ఐదుగురు నాయకుల తలలు నరికానని, నెల్లూరు గద్దె మీద మనుమగండగోపాలుణ్ణి నిలబెట్టానని, దేవగిరి రాజు నుంచి కానుకలు అందుకున్నానని చెప్పుకున్నాడు. కాకతీయ ప్రభువు పేరు అందులో వెతికినా దొరకదు. 1261లో ఏ కాయస్థ బలం ఆమెను కాపాడిందో, ఆమె చివరి రోజుల్లో అదే బలం ఎదురు నిలిచింది.

ఆమెకు ఈ ప్రమాదం తెలియకపోలేదు. పాత రాజవంశాల వారిని తగ్గించి, వంశం పేరు పెద్దగా లేని నాయకులను పైకి తేవడం ఆమె కాలంలోనే ఊపందుకుంది. శాసనాల్లో దాతల బిరుదులను లెక్కపెట్టి చూసిన చరిత్రకారిణి సింథియా టాల్బట్ ఈ మార్పును వివరంగా చూపించారు. ఊళ్ల ఆదాయం అప్పగించి, దానికి బదులు ఇంత సైన్యం పోషించాలని నిర్ణయించే ఈ ఏర్పాటే ప్రతాపరుద్రుడి కాలానికి నాయంకరంగా స్థిరపడింది. దీనికి కాలం పడుతుంది. ముందు మనుషులు కావాలి, తరువాత వారికి ఇవ్వడానికి ఖాళీ భూమి కావాలి. పాత సామంతుడిని కదిలించనిదే భూమి ఖాళీ కాదు, కొత్త నాయకుడు లేనిదే పాతవాణ్ణి కదిలించడం కుదరదు. తొలి పదేళ్లలో ఆమె ఎందుకు ఎక్కువ కదలలేదో ఈ ముడి చూస్తే తెలుస్తుంది.

ఓరుగల్లు కోట పని కూడా ఈ వరసలోదే. తండ్రి మొదలుపెట్టిన రాతి గోడ ఎత్తు పెంచారు, దాని చుట్టూ దాదాపు రెండున్నర కిలోమీటర్ల వ్యాసంతో మట్టి గోడ, దానికి వెడల్పాటి అగడ్త. రాతి గోడ లోపలి వైపు పొడవునా మెట్లు ఉన్నాయి. ఏ చోట నుంచైనా కాపలావాళ్లు ఒక్క పరుగున పైకి ఎక్కొచ్చు, ఫలానా చోటే ఎక్కాలన్న బాధ లేదు. కోటకు వెళ్లినవాళ్లు కీర్తితోరణాల దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. ఈ మెట్లు కూడా చూసి రావాలి.

ఇప్పుడు మీ ఉపసంపాదకులకు, పాఠాలు రాసేవారికి పనికొచ్చే ఒక పద్ధతి. కాకతీయుల్లో రుద్రుళ్లు ముగ్గురు: రుద్రదేవుడు, రుద్రమ, ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు. శాసనంలో 'రుద్రదేవ మహారాజు' అని ఉంటే ఎవరో తేల్చడానికి ముందు శక సంవత్సరం చూడండి. దానికి 78 కలపండి. పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాలైతే ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది, చాలాసార్లు 79 కలపాలి. వేయిస్తంభాల గుడి శాసనం శక 1084 మాఘ మాసం. 78 కలిపితే 1162 వస్తుంది, అసలు తేదీ 1163 జనవరి. ఆ తరువాత చాంద్రమాన సంవత్సరం పేరు సరిపోయిందా అని చూడండి. 1267 ప్రభవ. అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ లెక్కపెడితే 1261 దుర్మతి, 1289 విరోధి అవుతాయి. శక సంవత్సరం, చాంద్రమాన సంవత్సరం పొసగకపోతే అక్షరం తప్పు చదివినట్లో, రాయి అరిగినట్లో లెక్క. ఆపైన దాత ఎవరు, ఎవరి పుణ్యానికి ఇచ్చాడు అన్నది విడివిడిగా చూడాలి. ఈ రెండో సంగతి తికమకపడే చాలామంది సామంతుడి దానాన్ని రాణి దానంగా రాసేస్తున్నారు.

పురావస్తు శాఖ వారికి కూడా ఒక మాట. శాసనం మీద సుద్దముక్కతోనో, పసుపు కుంకుమలతోనో, ఎనామిల్ రంగుతోనో అక్షరాలు దిద్దడం గుళ్లలో మామూలైపోయింది. దిద్దినవాడు ఎలా చదువుకుంటే అలా దిద్దుతాడు. తరువాత వచ్చినవాడికి కనిపించేది రాయి కాదు, దిద్దినవాడి ఊహ. రంగు అక్షరాల గాడిలో గట్టిపడితే అచ్చు తీసినా లోతు రాదు. అచ్చు తీయడానికి కావలసినవి గట్టిగా ఏమీ లేవు. మెత్తటి కుంచె, నీళ్లు, సన్నటి కాగితం, కొట్టే బ్రష్షు, సిరా, సిరా అద్దే బట్టముద్ద. రాయి కడిగి, తడి కాగితం పరిచి, గాడుల్లోకి దిగేలా బ్రష్షుతో సమంగా కొట్టాలి. కాగితం కొంచెం ఆరాక ముద్దతో సిరా అద్దాలి. తొందరపడి తడి మీదే అద్దితే సిరా కాగితం దాటి రాతికే మచ్చ పడుతుంది. పూర్తిగా ఎండబెడితే కాగితం రాతి మీది నుంచి లేచిపోతుంది. ఒక పూట నేర్పితే డిగ్రీ పిల్లలు చేయగలిగిన పని ఇది, శాఖ అనుమతితో, శాఖ మనిషి పక్కన ఉండగా.

చివరగా చందుపట్ల. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర ఉన్న ఈ ఊరి శాసనం శక 1211, విరోధి, మార్గశిరం, అంటే 1289 నవంబరు. కాకతి రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లినందుకు, ఆ ఇద్దరి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే మనిషి భూమి ఇచ్చాడు. రాణి, సేనాని కలిసి పోయారంటే యుద్ధంలోనే అయి ఉండాలని, ఎదురు నిలిచింది అంబదేవుడేనని చరిత్రకారుల అంచనా. అది అంచనాగానే రాయాలి. ఆ రాతి పక్కన, మల్కాపురంలో, మోటుపల్లిలో, త్రిపురాంతకంలో శాసనపాఠం తెలుగు లిపిలో, దాని కింద నేటి తెలుగులో అర్థం, తేదీ ఉన్న పలక ఒక్కొక్కటి పెట్టించమని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాం. పత్రిక వారిని కోరేది ఇంకా చిన్నది. ఇకమీదట రుద్రమ గురించి వ్యాసం వేస్తే, అందులో చెప్పిన ప్రతి యుద్ధం పక్కన అది ఏ శాసనంలో ఉందో, ఏ పుస్తకంలో ఉందో ఒక్క మాట వేయించండి.

ఇట్లు,
కొందరు చరిత్ర అధ్యాపకులు,
హనుమకొండ